జెడ్‌ఐఎఫ్-8 మూడోసారికే నీరసపడుతోంది: నానో మాఫ్‌ల తయారీ, తిరిగి వాడకం

శనక్కాయ (అనంతపురం)
అన్నలకూ అక్కలకూ నమస్తే. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం జెడ్‌ఐఎఫ్-8 పెంచుతున్నా. ఇది మాఫ్, అంటే లోహాన్ని కర్బన అణువులతో (లింకర్లతో) కట్టిన సన్న రంధ్రాల స్ఫటికం; ఇందులో లోహం జింక్, లింకర్ 2-మిథైల్ ఇమిడజోల్. దీన్ని క్యాటలిస్ట్‌గా వాడి, తిరిగి వాడాలని చూస్తున్నా. వివరాలు ఇవీ:
జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 1.47 గ్రాములు, 100 మి.లీ. మెథనాల్‌లో. 2-మిథైల్ ఇమిడజోల్ 3.24 గ్రాములు, ఇంకో 100 మి.లీ. మెథనాల్‌లో. రెండోదాన్ని మొదటిదాంట్లో ఒక్కసారిగా పోసి గంటసేపు కలియబెట్టా. 4000 ఆర్‌పీఎం దగ్గర 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్, మెథనాల్‌తో ఒకసారి కడుగు, 80 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా. వచ్చిన పొడి 0.3 గ్రాములు. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌-కిరణాలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్ష) శిఖరాలు 7.3, 10.4, 12.7, 18.0 డిగ్రీల దగ్గర చక్కగా ఉన్నాయి.
రియాక్షన్ నోవెనాగెల్ (క్షారం సాయంతో ఆల్డిహైడ్‌ను మాలోనోనైట్రైల్‌తో కలిపేది): బెంజాల్డిహైడ్ 1 మిల్లీమోల్, మాలోనోనైట్రైల్ 1.2 మిల్లీమోల్, టోలుయీన్ 5 మి.లీ., పొడి 11 మి.గ్రా., గది ఉష్ణోగ్రత, 3 గంటలు. అదే పొడిని తిరిగి తిరిగి వాడితే కన్వర్షన్ (ఉత్పత్తిగా మారిన బెంజాల్డిహైడ్ వంతు) మొదటిసారి 97 శాతం, రెండోసారి 84, మూడోసారి 61. ఎక్స్‌ఆర్‌డీ బాగానే ఉంటే పనితనం యాల పడిపోతాండాది?

కేసీకాలువ (కర్నూలు)
ముందు 0.3 గ్రాముల సంగతి చూడు. నువ్వు వేసిన జింక్ 4.94 మిల్లీమోల్. అదంతా జెడ్‌ఐఎఫ్-8 అయితే 1.12 గ్రాములు రావాలి. ఈ పద్ధతిలో అందులో సగం దాకా వస్తే మామూలే. నీకు పావు పైచిలుకే వచ్చిందంటే తక్కినది పైతేటతో పాటు సింకులోకి పోయింది.

4000 ఆర్‌పీఎం అంటే 8 సెం.మీ. రోటార్‌కు 1400 జీ (భూమి ఆకర్షణకు 1400 రెట్లు) మాత్రమే. అదే రోటార్‌లో 10,000 అయితే దాదాపు 8900 జీ. రేణువు వ్యాసం సగమైతే అడుక్కి చేరడానికి నాలుగింతల సమయం పడుతుంది. విడివిడిగా ఉన్న 50 నానోమీటర్ల రేణువులు 1400 జీ దగ్గర మెథనాల్‌లో 5 సెం.మీ. దిగాలంటే గంటలు కావాలి. 15 నిమిషాల్లో అడుగున కూర్చున్నది ముద్దలు కట్టినది, లేదా పెద్దగా పెరిగినది. అంటే మంచి నానోను పారబోసి గడ్డలను ఏరి పెట్టుకున్నావు.

పైతేట తేటగా కనిపించినా నమ్మొద్దు. గది చీకటి చేసి, ట్యూబు పక్కనుంచి ఎర్ర లేజర్ పాయింటర్ కొట్టు. ద్రవంలో గీత మెరిస్తే పొడి ఇంకా అందులోనే ఉంది. ఖాళీ మెథనాల్‌తో పోల్చి చూడు. ప్రతి కడుగు తరవాతా, ప్రతి రియాక్షన్ తరవాతా ఇదే పరీక్ష.

పెన్నఒడ్డు (కడప)
కేసీకాలువ చెప్పింది నిజమే, కానీ మూడో అంకెకు అది ఒక్కటే కారణం కాదు. లెక్క వేయండి. ప్రతి విడతా 10 శాతం పొడి పోయినా మూడోసారికి 81 శాతం పొడి మిగులుతుంది. కన్వర్షన్ 61కి పడాలంటే ఇంకేదో తోడైంది.

శనక్కాయా, మీ బెంజాల్డిహైడ్ సీసా ఎప్పుడు తెరిచింది? మూత మర దగ్గర తెల్లటి పలుకులు ఉన్నాయా? అవి బెంజోయిక్ ఆమ్లం. బెంజాల్డిహైడ్ గాలి తగిలితే చాలు, తనంతట తానే ఆమ్లమవుతుంది. జెడ్‌ఐఎఫ్-8 క్షారానికి గట్టిపిండం, మరిగే సోడా ద్రావణంలో కూడా నిలుస్తుంది. ఆమ్లం తగిలితే మాత్రం ఇమిడజోల్‌కు ప్రోటాన్ అంటుకుని జింక్ చేయి వదిలేస్తుంది.

ఎంత ఆమ్లం చాలు? 11 మి.గ్రా. పొడిలో జింక్ 0.05 మిల్లీమోల్, లింకర్ 0.1 మిల్లీమోల్. బెంజాల్డిహైడ్‌లో 2 శాతమే ఆమ్లం ఉన్నా 1 మిల్లీమోల్‌కు 0.02 మిల్లీమోల్ వచ్చి పడుతుంది. అంటే విడతకు ఐదో వంతు లింకర్‌ను కదిలించే సరుకు. దెబ్బ తగిలేది పైపొరకే, లోపలి స్ఫటికం అలాగే ఉంటుంది, కాబట్టి ఎక్స్‌ఆర్‌డీకి ఏమీ తెలియదు.

శుద్ధి: 20 మి.లీ. బెంజాల్డిహైడ్‌ను సెపరేటింగ్ ఫన్నెల్‌లో 10 శాతం సోడియం కార్బొనేట్ ద్రావణంతో రెండు మూడు సార్లు, బుడగలు ఆగేదాకా. మధ్యమధ్యలో గ్యాస్ వదలాలి, లేకుంటే మూత ఎగురుతుంది. తరవాత నీళ్లు, తరవాత నిర్జల మెగ్నీషియం సల్ఫేట్. చివర తక్కువ పీడనంలో బట్టీ పట్టండి (డిస్టిల్ చేయండి), 10 మి.మీ. పాదరసం దగ్గర 62 డిగ్రీలకు దిగుతుంది. నైట్రోజన్ కింద, గోధుమరంగు సీసాలో, ఆ వారానికి సరిపడా మాత్రమే.

ఉగ్గాని (కర్నూలు)
ఇద్దరూ చివరి అంకెలే చూస్తున్నారు. నాకు అనుమానం మొదటి 97 మీదే.

ఒక్కసారే కడిగిన పొడిలో 2-మిథైల్ ఇమిడజోల్ మిగిలి ఉంటుంది. జింక్‌కు 8 రెట్లు వేశాడు, పట్టేది 2 రెట్లే. ఆ మిగిలింది స్వయంగా క్షారం, నోవెనాగెల్‌ను అదే నడిపిస్తుంది. మొదటి విడతలో అది ద్రావణంలోకి దిగి పని చేసి, ఆ ద్రావణంతోనే పోతుంది. రెండో విడత నుంచి కనబడేది అసలు జెడ్‌ఐఎఫ్-8. ‘పడిపోయింది’ అనుకున్నదాంట్లో కొంత ఎప్పుడూ మాఫ్‌ది కాదు.

తేల్చడం తేలిక. పొడి లేకుండా, 1 మి.గ్రా. 2-మిథైల్ ఇమిడజోల్ ఒక్కటే వేసి అదే రియాక్షన్ నడుపు. ఏదీ వేయకుండా ఇంకొకటి. ఈ రెండు ఖాళీ పరీక్షలు లేని రీసైకిల్ పట్టికను నేను చదవను కూడా చదవను.

కడగడం: తాజా మెథనాల్ 40 మి.లీ., సోనికేటర్ 5 నిమిషాలు, సెంట్రిఫ్యూజ్. ఇట్లా కనీసం మూడుసార్లు. చివరి కడుగుడు ద్రవం రెండు చుక్కలు తడిపిన పీహెచ్ కాగితం మీద వేసి చూడు. ఇంకా క్షారం వైపు తిరుగుతుంటే నాలుగోసారి.

తుంగభద్ర (నిర్వాహకులు)
ఒక జాగ్రత్త మాట. మాలోనోనైట్రైల్ విషపదార్థం, ఒంట్లోకి పోతే సయనైడ్ పుడుతుంది. గ్లవ్స్ లేకుండా, హుడ్ (ఆవిర్లను బయటికి లాగే గూడు) బయట తూకం వేయొద్దు. ఉత్పత్తి పొడి కూడా కళ్లకు మంట. మెథనాల్ తడి ఉన్న పొడిని నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టే అలవాటు మానండి. మెథనాల్ ఆవిరి 11 డిగ్రీలకే అంటుకునే సరుకు, మన ఊళ్లలో ఏ నెలలో చూసినా గది అంతకంటే వేడిగానే ఉంటుంది.

కేసీకాలువ (కర్నూలు)
ఓవెన్ మాటొచ్చింది కాబట్టి. నానో పొడిని 80 డిగ్రీల దగ్గర తడిమీద ఎండబెడితే మెథనాల్ పోతూ పోతూ రేణువులను లాగి ఒకదానికొకటి అతికిస్తుంది. ఎండిన బంకమట్టి పెళ్ల మాదిరి గట్టి పలుకు వస్తుంది. దాన్ని ఎంత నూరినా మైక్రాన్ ముక్కలే అవుతాయి, 50 నానోమీటర్లకు తిరిగి రావు.

ఇది జెడ్‌ఐఎఫ్-8 విషయంలో మరీ ముఖ్యం. లోపలి గది 11.6 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉన్నా వాకిలి 3.4 మాత్రమే. అది కాస్త సాగుతుంది, నిజమే. అయినా ఈ రియాక్షన్‌లో పుట్టే అణువుకు లోపల తిరిగే వీలు లేదు, పని దాదాపు అంతా బయటి గోడ మీదే. 50 నానోమీటర్ల రేణువుకు బయటి వైశాల్యం గ్రాముకు సుమారు 125 చదరపు మీటర్లు. 1 మైక్రాన్ అయితే 6. బీఈటీ (వాయువు పట్టించి మొత్తం వైశాల్యం కొలిచే పరీక్ష) కాగితం మీద 1600 అని చూసి మురిసిపోతే లాభం లేదు, అది లోపలి గదుల లెక్క.

అందుకే ఎండబెట్టొద్దు. చివరి కడుగు తరవాత టోలుయీన్‌లోకి మార్చి ముద్దగానే దాచు. ముద్దలో ఘనం ఎంతో తెలియాలంటే చెంచాడు తీసి తూచి, దాన్ని మాత్రం ఎండబెట్టి మళ్లీ తూచు. ఆ నిష్పత్తితో ప్రతిసారీ ముద్ద బరువు లెక్క కట్టు.

శనక్కాయ (అనంతపురం)
లేజర్ కొట్టి చూసినా. పైతేటలో ఎర్ర గీత ఈ చివర నుంచి ఆ చివరి దాకా! బెంజాల్డిహైడ్ మూత చుట్టూ తెల్ల పలుకులు ఉన్నాయి, గోకితే రాలుతున్నాయి. 2-మిథైల్ ఇమిడజోల్ ఒక్కటే వేసిన పరీక్షలో కూడా కన్వర్షన్ గట్టిగానే వచ్చింది, ఏదీ వేయనిదాంట్లో చాలా తక్కువ. ముగ్గురూ చెప్పిన మూడూ నా దగ్గరే ఉన్నాయన్నమాట.
ఇంకొకటి. ఏప్రిల్‌లో చేసిన బ్యాచ్‌కూ డిసెంబర్ బ్యాచ్‌కూ సైజులో తేడా ఉంది. కొలతలు అవే.

ఉగ్గాని (కర్నూలు)
పద్ధతి కాగితాల్లో ‘గది ఉష్ణోగ్రత’ అని రాసేవాళ్ల గది వేరప్పా, ఏప్రిల్ అనంతపురం వేరు. 22 డిగ్రీల గదిలో రాసిన పద్ధతిని 39 డిగ్రీల గదిలో చేస్తే విత్తనాలు (స్ఫటికాల తొలి మొలకలు) పుట్టే వేగం, పెరిగే వేగం రెండూ మారతాయి. రెండు ద్రావణాలనూ కలపకముందే 25 డిగ్రీల నీళ్ల తొట్టిలో అరగంట ఉంచు, కలిపాక కూడా అందులోనే తిప్పు. థర్మామీటర్ ద్రావణంలో ముంచి చూడు, తొట్టిలో కాదు.

పోసే తీరు కూడా ముఖ్యమే. చుక్కచుక్కగా పోస్తే ముందు పుట్టినవి పెద్దవవుతాయి, వెనక పుట్టినవి చిన్నగా మిగులుతాయి. ఒక్క ఊపులో పోసి, స్టిర్రర్ వేగం రాసి పెట్టుకో.

సైజు మార్చాలంటే: లింకర్ ఎక్కువైతే విత్తనాలు ఎక్కువ పుట్టి రేణువు చిన్నదవుతుంది. ఎన్-బ్యూటైలమీన్ కొద్దిగా వేస్తే ఇంకా చిన్నది, కానీ దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో పట్టుకోవడం నరకం. సోడియం ఫార్మేట్ వేస్తే ఎదురు దిక్కు, మైక్రాన్ సైజు పలుకులు. తిరిగి వాడాలనే వాళ్లకు 50 నుంచి 100 నానోమీటర్ల మధ్య చాలు. అంతకంటే చిన్నది చేసి ఫొటో చూపించుకోవచ్చు, తిరిగి చేతికి తెచ్చుకోలేరు.

సైజును ఎక్స్‌ఆర్‌డీ షెర్రర్ లెక్కతో (శిఖరం వెడల్పు నుంచి సైజు కట్టేది) చెప్పొద్దు. 7.3 డిగ్రీల దగ్గర 50 నానోమీటర్లకు శిఖరం వెడల్పు 0.16 డిగ్రీలే. యంత్రం తనంతట తానే 0.1 దాకా వెడల్పు చేస్తుంది. ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలో వంద రేణువులు కొలిచి చెప్పు.

పెన్నఒడ్డు (కడప)
రీసైకిల్ ఎప్పుడు కొలవాలో కూడా మాట్లాడుకోవాలి. 3 గంటలకు 97 శాతం అంటే రియాక్షన్ అసలు 40 నిమిషాలకే అయిపోయి ఉండొచ్చు. అప్పుడు సగం క్యాటలిస్ట్ చచ్చినా 3 గంటలకు మళ్లీ 95 చూపిస్తుంది. ఐదు విడతలూ 98, 98, 97, 97, 96 అని గీసిన స్తంభాలు ఇట్లా పుట్టినవే చాలా ఉంటాయి. మొదటి విడతలో 5, 10, 20, 40 నిమిషాలకు 50 మైక్రోలీటర్ల చొప్పున తీసి గ్రాఫ్ గీయండి. కన్వర్షన్ 40, 50 శాతం దగ్గర ఉన్న నిమిషాన్ని ఎంచుకుని, ప్రతి విడతా అదే నిమిషంలో పోల్చండి. పొడి తగ్గితే కొత్త పొడి కలపొద్దు. మిగిలిన బరువుకు తగ్గట్టు బెంజాల్డిహైడ్, మాలోనోనైట్రైల్, టోలుయీన్ మూడూ తగ్గించండి.

పొడికి ఉత్పత్తి అతుక్కుందా అన్నది ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతి పరీక్షలో) తెలుస్తుంది. వాడిన పొడిలో 2220 సెం.మీ.⁻¹ ప్రాంతంలో నైట్రైల్ శిఖరం కనిపిస్తే కడుగు చాలలేదు. టోలుయీన్‌తో ఒకసారి, మెథనాల్‌తో రెండుసార్లు కడిగి మళ్లీ టోలుయీన్‌లోకి మార్చండి.

రాగిసంగటి (కడప)
హాట్ ఫిల్ట్రేషన్ పరీక్ష (రియాక్షన్ మధ్యలో పొడిని వేడిమీదే వడగట్టి, మిగిలిన ద్రవం ఇంకా సాగుతుందా అని చూడడం) చేస్తే, పొడి తీసేశాక కూడా రియాక్షన్ సాగింది. అంటే జింక్ కారుతున్నట్టేనా?

ఉగ్గాని (కర్నూలు)
దేంతో వడగట్టావు? మామూలు వాట్‌మన్ కాగితమైతే 50 నానోమీటర్ల పొడికి అది చేపల వల. 0.2 మైక్రాన్ సిరంజి ఫిల్టర్ అయినా 200 నానోమీటర్ల కన్నమే, నీ రేణువులు నాలుగు పక్కపక్కన దూరిపోతాయి. ‘కారింది’ అనుకున్నది నిక్షేపంగా ఉన్న మాఫే కావచ్చు. ముందు గట్టిగా సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను 0.02 మైక్రాన్ ఫిల్టర్‌లో పట్టి, లేజర్ కొట్టి గీత లేదని చూసుకున్నాకే పరీక్ష మొదలుపెట్టు. ద్రవాన్ని రియాక్షన్ వేడిలోనే వేరు చేయాలి. చల్లారితే కరిగిన లోహం తిరిగి పొడి మీదే కూర్చుని మోసం చేస్తుంది. ఆ తేట కొంత ఐసీపీకి (కరిగిన లోహాన్ని కొలిచే యంత్రానికి) పంపితే జింక్ ఎంతో అంకె వస్తుంది. లింకర్ కారడం మాత్రం ఐసీపీకి తెలియదు, దానికి ఎన్‌ఎంఆర్ (కర్బన అణువులను గుర్తించే పరీక్ష) చూడాలి.

రాగిసంగటి (కడప)
ఇప్పుడు నా అసలు ప్రశ్న. మన దగ్గర వేరుశనగ నూనె శుద్ధిలో మిగిలే యాసిడ్ ఆయిల్‌ను (కొవ్వు ఆమ్లాలు ఎక్కువున్న నూనెను) మెథనాల్‌తో ఎస్టర్ చేయాలి. జెడ్‌ఐఎఫ్-8 పనికిరాదని ఈ చర్చ చదివాక అర్థమైంది. జిర్కోనియంతో చేసే మాఫ్ యుఐఓ-66 పనికొస్తుందా?

పెన్నఒడ్డు (కడప)
పనికొస్తుంది. ఆమ్లం ఉన్నచోట జిర్కోనియందే రాజ్యం. 2008లో ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్లు బయటపెట్టిన మాఫ్ ఇది, పేరులోని యుఐఓ ఆ విశ్వవిద్యాలయమే. నాకు తెలిసి మన స్థాయి ల్యాబులకు దీనంత ఓర్పున్న మాఫ్ ఇంకొకటి లేదు. మాఫ్‌లకు 2025 నోబెల్ వచ్చిన తరవాత అందరూ కొత్త పేర్ల వెంట పడుతున్నారు గానీ తిరిగి వాడే పనికి ఈ పాతదే నయం.

చిన్న బ్యాచ్: జిర్కోనియం టెట్రాక్లోరైడ్ 125 మి.గ్రా., డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ ద్రావకం) 5 మి.లీ., గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1 మి.లీ. హుడ్‌లో కలిపి 20 నిమిషాలు సోనికేటర్. తరవాత టెరిఫ్తాలిక్ ఆమ్లం 123 మి.గ్రా., డీఎంఎఫ్ ఇంకో 10 మి.లీ. పూర్తిగా కరిగేదాకా సోనికేట్ చేసి, మూత బిగించిన మందపాటి గాజు సీసాలో 80 డిగ్రీల దగ్గర రాత్రంతా. సీసాలో సగానికి మించి నింపొద్దు. పొద్దున ఓవెన్ ఆపి గది వేడికి వచ్చాకే మూత తీయండి. జిర్కోనియం మొత్తం దిగితే 149 మి.గ్రా. రావాలి.

టెట్రాక్లోరైడ్ తేమ తగిలితే పొగలు కక్కుతుంది, వానాకాలంలో తూచేలోపే సగం పాడు. దాని బదులు జిర్కోనైల్ క్లోరైడ్ ఆక్టాహైడ్రేట్ 173 మి.గ్రా. వేసుకోవచ్చు, గాలిలో నిమ్మళంగా తూగుతుంది.

డీఎంఎఫ్‌తో రెండుసార్లు, ఇథనాల్‌తో మూడుసార్లు కడగాలి. ప్రతి కడుగులో కొన్ని గంటలు నాననివ్వాలి. రంధ్రాల్లో ఇరుక్కున్న డీఎంఎఫ్ నిమిషాల్లో బయటికి రాదు. తరవాత వ్యాక్యూమ్‌లో 90, ఆపైన 150 డిగ్రీలు. డీఎంఎఫ్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, గర్భానికి హాని. సన్న గ్లవ్స్‌ను అది తొందరగానే దాటుతుంది, ఒలికితే వెంటనే మార్చండి.

కేసీకాలువ (కర్నూలు)
ఒక చేర్పు. యుఐఓ-66లో ఎస్టర్ పని చేసేది లింకర్ ఊడిన ఖాళీలే. లోపం లేని స్ఫటికం అందంగా ఉంటుంది, పని చేయదు. ఖాళీలు ఎన్ని ఉన్నాయో టీజీఏ (వేడి పెంచుతూ బరువు చూసే పరీక్ష) చెబుతుంది: గాలిలో కాల్చి, చివర మిగిలిన జిర్కోనియం ఆక్సైడ్‌ను 100 అనుకుంటే, 400 డిగ్రీలకు కాస్త ముందు మెట్టు 220 దగ్గర ఉండాలి. 200 దగ్గర ఉంటే ఒక్కో జిర్కోనియం గుత్తికి ఆరింటిలో ఒక లింకర్ లేదని అర్థం. ఇక్కడ ఎసిటిక్, బెంజోయిక్ ఆమ్లాలు ఎక్కువ వేసేకొద్దీ రేణువు పెద్దదై అష్టముఖిగా విడివడుతుంది. వాడిన ఆమ్లం ఆ ఖాళీల్లోనే కూర్చుంటుంది కాబట్టి దాన్ని కడగకపోతే లాభం లేదు.

శనక్కాయ (అనంతపురం)
కడుగుకు చివర మామూలు నీళ్లు వాడొచ్చా? ఇథనాల్ ఖర్చు ఎక్కువైతాంది.

పెన్నఒడ్డు (కడప)
వద్దు, బోరు నీళ్లు అసలే వద్దు! అనంతపురం వైపు చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. జిర్కోనియానికి ఫ్లోరైడ్ అంటే ప్రాణం. యుఐఓ-66ను నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి కూడా పరిశీలించారు, అంత గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నాక ఆ చోట మీ కొవ్వు ఆమ్లానికి జాగా ఉండదు. నీళ్లు వాడితే బట్టీ పట్టినవే.

రాగిసంగటి గారూ, ఇదే జాగ్రత్త మీ నూనెకూ. యాసిడ్ ఆయిల్‌లో మూడు శత్రువులు ఉంటాయి. గమ్‌లోని (నూనెలో ఉండే జిగురులోని) ఫాస్ఫేట్ జిర్కోనియాన్ని ఫ్లోరైడ్ మాదిరే పట్టి వదలదు. మిగిలిన సబ్బులోని సోడియం ఆమ్ల స్థానాలను చల్లారుస్తుంది. మూడోది సల్ఫ్యూరిక్ ఆమ్లం, సబ్బును విరగ్గొట్టడానికి వేసింది. ఇది మరీ దొంగ శత్రువు, కరిగిన ఆమ్లంగా తానే ఎస్టర్ చేసి మొదటి విడతకు గొప్ప అంకె ఇస్తుంది, ఉగ్గాని చెప్పిన ఇమిడజోల్ కథే. నూనెను వేడి బట్టీ నీళ్లతో, కడుగుడు నీళ్లు తటస్థమయ్యేదాకా కడిగి, ఆరబెట్టి వాడండి. మొదటి పరీక్ష మాత్రం శుద్ధ ఒలియిక్ ఆమ్లంతో చేయండి. ఆమ్లం 1 మోల్‌కు మెథనాల్ 20 మోల్‌లు, ఆమ్లం బరువులో 5 శాతం పొడి, రిఫ్లక్స్ (ఆవిరి చల్లబడి తిరిగి దిగేలా మరిగించడం).

కొలవడానికి జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం) అక్కర్లేదు. కాస్టిక్ పొటాష్ టైట్రేషన్ చాలు. ఒలియిక్ ఆమ్లం యాసిడ్ వాల్యూ (గ్రాములోని ఆమ్లాన్ని తటస్థం చేసే కాస్టిక్ పొటాష్ మి.గ్రా.) 199. అది 100కు దిగిన సమయమే మీ సగం కన్వర్షన్. టైట్రేషన్‌కు ముందు పొడిని సెంట్రిఫ్యూజ్‌లో తీసేయండి.

రాగిసంగటి (కడప)
ఎస్టర్ తరవాత పొడి జిడ్డుగా ఉంటే?

కేసీకాలువ (కర్నూలు)
వేడి ఇథనాల్ రెండుసార్లు, ఎసిటోన్ ఒకసారి. అప్పటికీ పనితనం తిరిగి రాకుంటే కొవ్వు ఆమ్లం ఖాళీల్లో కార్బాక్సిలేట్‌గా కూర్చుంది. ఎసిటోన్‌లో కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి కొన్ని గంటలు నానబెట్టి, మళ్లీ శుభ్రంగా కడుగు. మొదట కూర్చున్న బెంజోయిక్ ఆమ్లాన్ని కూడా ఇట్లాగే దించుతారు. ఈ ఆమ్ల స్నానం జెడ్‌ఐఎఫ్-8కు చేస్తే ట్యూబులో ఏమీ మిగలదు, ఆ రెండు సీసాల మీదా పేర్లు పెద్దక్షరాల్లో రాసుకోండి.

శనక్కాయ (అనంతపురం)
కొత్త బ్యాచ్: 25 డిగ్రీల తొట్టి, 10,000 ఆర్‌పీఎం దగ్గర 40 నిమిషాలు, మూడు కడుగులు, ఎండబెట్టకుండా టోలుయీన్ ముద్ద. బట్టీ పట్టిన బెంజాల్డిహైడ్. ఘనం లెక్కన 0.52 గ్రాములు వచ్చింది. 20 నిమిషాల దగ్గర కొలిస్తే వరసగా 46, 44, 43, 41. లేజర్ గీత ఇంకా సన్నగా కనిపిస్తాంది.

ఉగ్గాని (కర్నూలు)
బాగుంది. ఆ సన్న గీతే నీ 46కీ 41కీ మధ్య తేడా కావచ్చు. విడతకు ఎంత పొడి పోతుందో తూచి, దానికి తగ్గట్టు భాగించి మళ్లీ రాయి. ఇంకో గంట తిప్పాలనుకుంటే ముందు మీ ట్యూబుల మీద రాసిన జీ పరిమితి చూసుకో. ఆర్‌పీఎం చూసి కాదు, జీ చూసి. టోలుయీన్‌లో పాలీప్రొపిలీన్ ట్యూబు ఉబ్బి మెత్తబడుతుంది, అంతసేపు తిప్పాలంటే టెఫ్లాన్‌వి తెచ్చుకో.